ఆల్మాలైనక్స్ 9.6కు మారిన తరువాత ఎన్విడియా డ్రైవర్ లోడ్ కావడం లేదు: సెక్యూర్ బూట్‌ను ఆపకుండా పరిష్కారం కావాలి

డిజైన్‌ల్యాబ్

సభ్యులందరికీ నమస్కారం. మా సంస్థ డిజైన్ విభాగంలో ఆల్మాలైనక్స్ 9.5తో నడుస్తున్న ఒక వర్క్‌స్టేషన్‌ను డీఎన్‌ఎఫ్ అనే ప్యాకేజీ సాధనం ద్వారా 9.6కు అప్‌డేట్ చేశాము. అందులో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ ఏ4000 కార్డు ఉంది. రీబూట్ చేసినప్పటి నుంచి గ్రాఫికల్ లాగిన్ తెర రావడం లేదు. నల్లని తెర మీద కర్సర్ మాత్రమే కనిపిస్తోంది. ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా ఆదేశాలు ఇచ్చే మార్గం) ద్వారా లోపలికి వెళ్లగలుగుతున్నాను. కార్డు స్థితిని చూపే ఎన్విడియా-ఎస్‌ఎంఐ నడిపితే, డ్రైవర్‌తో మాట్లాడలేకపోతున్నానన్న సందేశం ఇచ్చి ఆగిపోతోంది.

నాకు ముందు ఈ బాధ్యత చూసినవారు డ్రైవర్‌ను ఎన్విడియా ఇచ్చే డాట్ రన్ ఇన్‌స్టాలర్ ఫైలుతో వేశారు; అది 550 శ్రేణికి చెందినది. అప్‌డేట్ తరువాత నేను ఎన్విడియా ఆర్‌పీఎం రిపాజిటరీని చేర్చి, 580 శ్రేణి డ్రైవర్‌ను ఓపెన్ మాడ్యూళ్లతో (లైనక్స్ మూలభాగమైన కెర్నెల్‌లోకి చేరే, బహిరంగ మూలం ఉన్న డ్రైవర్ భాగాలు), డీకేఎంఎస్ పద్ధతిలో (ప్రతి కెర్నెల్‌కూ మాడ్యూల్‌ను ఆ యంత్రంలోనే కట్టే విధానం) ఇన్‌స్టాల్ చేశాను. ప్యాకేజీలన్నీ ఏ లోపమూ చూపకుండా ఎక్కాయి, కానీ పరిస్థితిలో మార్పు లేదు. నమ్మిన సంతకం ఉన్న కోడ్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్‌ను ఆపడానికి మా భద్రతా విభాగం అంగీకరించదు కాబట్టి, ఆ సలహా తప్ప మరేదైనా పాటించడానికి సిద్ధంగా ఉన్నాను.

సర్వర్‌గది

నమస్కారం అండి. మీరు చెప్పిన లక్షణాలకు కనీసం నాలుగు వేర్వేరు కారణాలు ఉండవచ్చు, అవన్నీ తెర మీద ఒకేలా కనిపిస్తాయి. ఇప్పుడు మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెడితే ఉన్న ఆధారాలు కూడా చెరిగిపోతాయి కాబట్టి దయచేసి కొంతసేపు ఏమీ మార్చకండి. ముందు ఈ వివరాలు ఇవ్వండి. యూనేమ్ -ఆర్ చూపే కెర్నెల్ సంఖ్య, ఆర్‌పీఎం -క్యూ ద్వారా కెర్నెల్-డెవెల్ ప్యాకేజీ సంఖ్య, ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే లో కార్డు కింద వచ్చే వరుసలు, డీకేఎంఎస్ స్టేటస్, మోక్‌యుటిల్ చెప్పే సెక్యూర్ బూట్ స్థితి, చివరగా డీమెసేజ్‌లో (కెర్నెల్ సందేశాల చిట్టా) ఎన్‌విఆర్‌ఎం అనే మాట ఉన్న వరుసలు, అంటే ఎన్విడియా మాడ్యూల్ సందేశాలు.

మరొక సంగతి. సాధారణంగా ఇటువంటప్పుడు బూట్ సమయంలో వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నెల్‌ను ఎంచుకుంటే యంత్రం తాత్కాలికంగా పనిలోకి వస్తుంది, ఎందుకంటే డీఎన్‌ఎఫ్ మామూలు అమరికలో మూడు కెర్నెళ్లను ఉంచుతుంది, పాత కెర్నెల్ కోసం కట్టిన మాడ్యూల్ దానితోపాటే ఉంటుంది. మీ విషయంలో ఆ దారి కూడా మూసుకుపోయి ఉండవచ్చు. పాత కెర్నెల్ కింద ఉన్నది 550 మాడ్యూల్, మీరు ఇప్పుడు పైన వేసినవి 580 లైబ్రరీలు. ఈ రెండింటి సంఖ్య అక్షరం పొల్లు పోకుండా ఒకటిగా ఉండాలి, లేకపోతే ఎన్విడియా-ఎస్‌ఎంఐ డ్రైవర్‌కూ లైబ్రరీకీ పొంతన లేదని చెప్పి ఆగిపోతుంది.

డిజైన్‌ల్యాబ్

ధన్యవాదాలు అండి. వివరాలు ఇవి.

నడుస్తున్న కెర్నెల్ 5.14.0-570.12.1. కెర్నెల్-డెవెల్ ప్యాకేజీ ఉంది. అది కూడా 5.14.0-570తోనే మొదలవుతోంది కానీ తరువాతి అంకెలు వేరు, కెర్నెల్ కన్నా కొత్తది. ఎల్‌ఎస్‌పీసీఐలో కార్డు కనిపిస్తోంది, కానీ వాడుకలో ఉన్న డ్రైవర్ అనే వరుసే లేదు. మాడ్యూళ్ల వరుసలో నూవో (ఎన్విడియా కార్డులకు లైనక్స్‌తోనే వచ్చే ఓపెన్ డ్రైవర్) మాత్రమే ఉంది. డీకేఎంఎస్ స్టేటస్‌లో ఎన్విడియా పేరు పక్కన చేర్చబడింది అని మాత్రమే ఉంది, ఇన్‌స్టాల్ అయినట్లు లేదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది. డీమెసేజ్‌లో ఎన్‌విఆర్‌ఎం వరుసలు అసలు లేవు.

మీరు అనుమానించినట్లే, పాత కెర్నెల్‌తో బూట్ చేస్తే పొంతన లేదన్న సందేశం వస్తోంది.

కెర్నెల్‌పాఠం

మొదటి కారణం ఇక్కడే దొరికింది. ఎన్‌విఆర్‌ఎం వరుసలు లేవంటే మాడ్యూల్ కెర్నెల్‌లోకి అడుగే పెట్టలేదని అర్థం. డీకేఎంఎస్ దగ్గర మూలం చేరింది కానీ బిల్డ్ జరగలేదు, ఎందుకంటే నడుస్తున్న కెర్నెల్‌కు సరిపోయే కెర్నెల్-డెవెల్ మీ యంత్రంలో లేదు. డీఎన్‌ఎఫ్‌ను ఉత్త కెర్నెల్-డెవెల్ అని అడిగితే రిపాజిటరీలో ఉన్న అన్నింటికన్నా కొత్తది ఇస్తుంది, మీ యంత్రం ఆ క్షణంలో ఏ కెర్నెల్‌తో నడుస్తోందో అది చూడదు. 9.6 అప్‌డేట్‌కూ డ్రైవర్ ఇన్‌స్టాల్‌కూ మధ్య రిపాజిటరీలోకి మరొక కెర్నెల్ వచ్చి ఉంటుంది.

ఈ సందర్భంలో చాలామందిని తికమక పెట్టే విషయం ఒకటి ఉంది. డీకేఎంఎస్ లోపాన్ని చెప్పేటప్పుడు కెర్నెల్ హెడర్లు దొరకలేదని అంటుంది. అది చూసి కెర్నెల్-హెడర్స్ అనే ప్యాకేజీని మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. ఎంటర్‌ప్రైజ్ లైనక్స్‌లో (రెడ్ హ్యాట్, ఆల్మాలైనక్స్ వంటివి) ఆ ప్యాకేజీ మామూలు సీ ప్రోగ్రాములు కంపైల్ కావడానికి ఉద్దేశించినది. మాడ్యూల్ కట్టడానికి కావలసినవన్నీ కెర్నెల్-డెవెల్‌లో ఉంటాయి. డెబియన్ నుంచి వచ్చినవారికి ఇది మరీ ఎక్కువగా ఎదురవుతుంది, ఎందుకంటే అక్కడ లైనక్స్-హెడర్స్ ప్యాకేజీయే ఆ పని చేస్తుంది.

పరిష్కారానికి రెండు దారులున్నాయి. ప్యాకేజీ పేరు తరువాత యూనేమ్ చూపిన సంఖ్యను అలాగే తగిలించి, సరిగ్గా ఆ కెర్నెల్-డెవెల్‌నే కోరవచ్చు. లేదా కెర్నెల్‌ను కూడా తాజా దానికి అప్‌డేట్ చేసి రీబూట్ చేసిన తరువాత డ్రైవర్ సంగతి చూడవచ్చు. నేను రెండవదాన్నే కోరుకుంటాను. భద్రతా సవరణలు ఎలాగూ కావాలి, పైగా కెర్నెల్-డెవెల్-మ్యాచ్డ్ అనే చిన్న ప్యాకేజీని వేస్తే కెర్నెల్, డెవెల్ రెండూ ఒకే సంఖ్యతో ఉండేలా అదే చూసుకుంటుంది.

సర్వర్‌గది

కెర్నెల్‌పాఠం గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను, కానీ అంతకన్నా ముందు చేయవలసిన శుభ్రత ఒకటి ఉంది. డాట్ రన్ ఫైలు ఆర్‌పీఎం డేటాబేసుకు తెలియకుండా తన లైబ్రరీలను నేరుగా యూఎస్‌ఆర్ కింద ఉన్న లిబ్64లో పెడుతుంది. దాని మీద ఆర్‌పీఎంలు వేస్తే ఒకే పేరు ఉన్న ఫైళ్ల స్థానంలో కొత్తవి వస్తాయి కానీ, సంఖ్య తగిలించిన 550 ఫైళ్లు అలాగే మిగిలిపోతాయి. తరువాత ఎప్పుడో ఒక ఓపెన్‌జీఎల్ ప్రోగ్రాము వాటిలో ఒకదాన్ని పట్టుకుంటే, కారణం వెతకడం ఎంతో కష్టమవుతుంది.

అందువల్ల ఈ వరుసలో వెళ్లండి. ముందుగా ఇప్పుడు వేసిన ఎన్విడియా ఆర్‌పీఎంలను తీసివేయండి. తరువాత ఎన్విడియా-అన్‌ఇన్‌స్టాల్ నడపండి. ఆ ఆదేశం లేకపోతే అదే 550 డాట్ రన్ ఫైలును అన్‌ఇన్‌స్టాల్ ఎంపికతో నడిపినా సరిపోతుంది. అటుపైన లిబ్64లో లిబ్‌ఎన్విడియాతో మొదలయ్యే ఫైళ్లేమైనా మిగిలాయేమో వెతికి, ఉన్నవాటి మీద ఆర్‌పీఎం -క్యూఎఫ్ నడపండి. ఏ ప్యాకేజీకీ చెందనిదని చెప్పిన ప్రతి ఫైలూ పాత అవశేషమే. అవి పోయిన తరువాతే కెర్నెల్ అప్‌డేట్, రీబూట్, డ్రైవర్ ఇన్‌స్టాల్.

రీబూట్‌లో గ్రాఫికల్ తెర కోసం యంత్రం ఎదురుచూస్తూ కూర్చోకుండా, గ్రబ్‌లో ఇంగ్లిష్ అక్షరం e నొక్కి, లైనక్స్‌తో మొదలయ్యే వరుస చివర 3 అనే అంకె చేర్చి బూట్ చేయండి. అప్పుడు యంత్రం టెక్స్ట్ లాగిన్ దగ్గర నిలుస్తుంది, ఆ మార్పు ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది.

పాతయంత్రం

ఈ చర్చకు దగ్గరగా ఉన్న ప్రశ్న ఒకటి అడగవచ్చునా? మా దగ్గర క్వాడ్రో కే2000 కార్డు ఉన్న యంత్రాలు కొన్ని ఉన్నాయి. వాటి మీద కూడా ఇదే 580 శ్రేణిని ఆల్మాలైనక్స్ 9లో వేయవచ్చా?

కెర్నెల్‌పాఠం

వేయలేరండి. కే2000 కెప్లర్ తరానికి చెందినది, ఆ తరాన్ని గుర్తించే చివరి శ్రేణి 470. ఓపెన్ మాడ్యూళ్ల సంగతైతే ట్యూరింగ్, ఆ తరువాతి తరాలకు మాత్రమే. ఎన్విడియా వాటిని 2022 మే నెలలో 515 శ్రేణితో విడుదల చేసింది.

470ని బలవంతంగా కంపైల్ చేయాలనుకుంటే ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ స్వభావం అడ్డు వస్తుంది. 9లో కెర్నెల్ సంఖ్య మొదటి నుంచీ 5.14 అనే ఉంటుంది, కానీ ఆ సంఖ్యను నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. రెడ్ హ్యాట్ ప్రతి మైనర్ విడుదలలోనూ తరువాతి కెర్నెళ్లలోని డీఆర్‌ఎం (గ్రాఫిక్స్) భాగాన్ని వెనక్కి తెచ్చి 5.14లో కలుపుతూ ఉంటుంది. 9.4లో 5.14.0-427, 9.5లో 5.14.0-503, 9.6లో 5.14.0-570, పేరుకు మూడూ 5.14లే అయినా గ్రాఫిక్స్ డ్రైవర్ కంటికి అవి వేర్వేరు కెర్నెళ్లు. డ్రైవర్ మూలంలో 5.14 అయితే ఫలానా ఫంక్షన్ ఈ రూపంలో ఉంటుంది అని రాసి ఉన్న చోట బిల్డ్ తెగిపోతుంది. మీ యంత్రాల్లో త్రీడీ పని లేకపోతే నూవోతోనే ఉంచండి, డెస్క్‌టాప్ చూపడానికి అది చాలు. లెక్కల పని ఉంటే కార్డు మార్చడమే సరైన ఖర్చు.

డిజైన్‌ల్యాబ్

సర్వర్‌గది గారు చెప్పిన వరుసలోనే చేశాను. అన్‌ఇన్‌స్టాల్ తరువాత కూడా లిబ్64లో ఏ ప్యాకేజీకీ చెందని ఫైళ్లు మిగిలే ఉన్నాయి, వాటిని తీసివేశాను. కెర్నెల్ అప్‌డేట్ అయి, కెర్నెల్-డెవెల్-మ్యాచ్డ్ వేసిన తరువాత రెండు సంఖ్యలూ కలిశాయి. ఈసారి డీకేఎంఎస్ స్టేటస్‌లో ఎన్విడియా 580 ఇన్‌స్టాల్ అయినట్లు కనిపిస్తోంది.

అయినా మాడ్యూల్‌ను లోడ్ చేసే మోడ్‌ప్రోబ్ ఎన్విడియా ఆదేశం ఇస్తే, కీని సర్వీసు తిరస్కరించిందనే అర్థం వచ్చే లోపం వస్తోంది. డీమెసేజ్‌లో, అందుబాటులో లేని కీతో ఉన్న మాడ్యూల్‌ను లోడ్ చేయడానికి నిరాకరించినట్లు ఒక వరుస ఉంది.

తాళంచెవి

ఇది మంచి పురోగతి. ఇప్పుడు మాడ్యూల్ ఉంది, సరిగ్గా కట్టబడింది, దాని మీద సంతకం కూడా ఉంది. ఆ సంతకం చేసిన కీని మీ యంత్రం ఇంకా నమ్మడం లేదు, అంతే. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నప్పుడు ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ కెర్నెల్, తనకు తెలిసిన కీతో సంతకం లేని ఏ మాడ్యూల్‌నూ లోపలికి రానివ్వదు.

డీకేఎంఎస్ 3వ తరం మొదటి బిల్డ్‌లోనే ఒక కీ జతను తయారుచేసుకుని, వార్ కింద లిబ్‌లోని డీకేఎంఎస్ డైరెక్టరీలో మోక్ డాట్ కీ, మోక్ డాట్ పబ్ అనే పేర్లతో ఉంచుతుంది (మోక్ అంటే యంత్రం యజమాని నమోదు చేసే కీ). ఎన్విడియా మాడ్యూల్ మీద మోడ్‌ఇన్ఫో నడిపితే సైనర్ అనే వరుసలో డీకేఎంఎస్ కీ పేరు కనిపిస్తుంది. ఆ మోక్ డాట్ పబ్ ఫైలును మోక్‌యుటిల్ ఇంపోర్ట్ ఎంపికతో ఇవ్వండి. అది ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్ ఒక్కసారి వాడకానికే, కాబట్టి దాన్ని చిన్న అక్షరాలు, అంకెలతో సరళంగా పెట్టుకోండి, ఎందుకంటే తరువాత వచ్చే తెర అమెరికన్ కీబోర్డు అమరికను మాత్రమే ఎరుగును.

రీబూట్ చేసినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ కన్నా ముందు నీలిరంగు తెర ఒకటి వస్తుంది. దాని దగ్గర కొద్ది సెకన్లే సమయం ఉంటుంది. ఏదైనా మీట నొక్కకపోతే అది మామూలు బూట్‌కు వెళ్లిపోతుంది, అప్పుడు ఇంపోర్ట్ మళ్లీ మొదటి నుంచి చేయవలసి వస్తుంది. అందులో ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని, కొనసాగించి, పాస్‌వర్డ్ ఇచ్చి రీబూట్ చేయండి. తరువాత మోక్‌యుటిల్‌లోని టెస్ట్-కీ ఎంపికకు అదే ఫైలు ఇస్తే, ఇప్పటికే నమోదైందని చెప్పాలి.

మీ భద్రతా విభాగానికి ఒక విషయం ముందే తెలియజేయడం ధర్మమని నా అభిప్రాయం. ఈ పద్ధతిలో రహస్య కీ అదే యంత్రపు డిస్కు మీద ఉంటుంది. రూట్ అధికారం సంపాదించినవారు ఎవరైనా దానితో తమ సొంత మాడ్యూల్‌కు సంతకం చేసి లోడ్ చేయగలరు. సెక్యూర్ బూట్‌ను పూర్తిగా ఆపడం కన్నా ఇది మేలే, సందేహం లేదు, కానీ రూట్ కూడా కెర్నెల్‌లోకి చొరబడకూడదన్న ఉద్దేశం ఇక్కడ కొంత బలహీనపడుతుంది. బిల్డ్‌ను వేరే యంత్రంలో చేసి, అక్కడే సంతకం పెట్టి, తయారైన మాడ్యూళ్లను ప్యాకేజీగా పంచుకునే సంస్థలు ఉన్నాయి. అప్పుడు వర్క్‌స్టేషన్లలో కంపైలర్ కూడా అవసరం లేదు.

క్లస్టర్‌పని

చర్చ చదువుతూ ఎన్విడియా టీ4 కార్డు ఉన్న మా సర్వర్ ఒకటి చూశాను. మాడ్యూల్ కట్టడం అయింది, కీ నమోదు అయింది, అయినా మోడ్‌ప్రోబ్ ఆగిపోతోంది. డీమెసేజ్‌లో, ఒక పరికరానికి ఎన్విడియా ప్రోబ్ రొటీన్ పిలవబడలేదని, నూవో వంటి డ్రైవర్ దాన్ని ముందే ఆక్రమించి ఉండవచ్చని ఉంది. ఈటీసీ కింద మోడ్‌ప్రోబ్ డాట్ డీలో నూవోను బ్లాక్‌లిస్ట్ చేసిన ఫైలు మాత్రం స్పష్టంగా ఉంది.

సర్వర్‌గది

ఆ ఫైలు రాసిన తరువాత ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైళ్ల మూట) మళ్లీ కట్టారా? బూట్ మొదటి దశలో కెర్నెల్ చూసేది డిస్కులోని ఈటీసీ డైరెక్టరీని కాదు, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో ముందే ముడిచి పెట్టిన ప్రతిని. అందులో నూవో ఉండి, బ్లాక్‌లిస్ట్ ఫైలు లేకపోతే, అసలు ఫైల్ సిస్టమ్ మౌంట్ అయ్యేలోపే నూవో కార్డును తన ఆధీనంలోకి తీసుకుంటుంది. తరువాత మీ ఫైలు ఎంత సరిగ్గా ఉన్నా ప్రయోజనం లేదు.

ఆ మూటను కట్టే డ్రాకట్‌ను ఫోర్స్ ఎంపికతో నడపండి. దానితోపాటు బూట్ ఆర్గ్యుమెంట్లను మార్చే గ్రబీ ద్వారా అన్ని కెర్నెళ్లకూ ఆర్‌డీ డాట్ డ్రైవర్ డాట్ బ్లాక్‌లిస్ట్, మోడ్‌ప్రోబ్ డాట్ బ్లాక్‌లిస్ట్ అనే రెండు ఆర్గ్యుమెంట్లనూ నూవో విలువతో చేర్చండి. మొదటిది ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ దశకు, రెండవది ఆ తరువాతి దశకు వర్తిస్తాయి. రీబూట్ అయ్యాక ఎల్‌ఎస్‌మాడ్‌లో నూవో కనిపించకూడదు.

డిజైన్‌ల్యాబ్

కీ నమోదు అయింది. ఎన్విడియా-ఎస్‌ఎంఐ ఇప్పుడు ఏ4000ను దాని 16 జీబీ మెమరీతో సహా చూపుతోంది, గ్రాఫికల్ లాగిన్ వచ్చింది, మా డిజైన్ సాఫ్ట్‌వేర్ కార్డును వాడుతోంది. సెక్యూర్ బూట్ ఆన్‌లోనే ఉంది. మీ అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు.

తాళంచెవి గారి మాటను భద్రతా విభాగం ముందు ఉంచాను. ఈ ఒక్క యంత్రానికి ఒప్పుకున్నారు, కానీ ఇదే రకం కార్డులున్న మిగిలిన వర్క్‌స్టేషన్లను 9.6కు మార్చేటప్పుడు రహస్య కీ ప్రతి డిస్కు మీదా ఉండకూడదన్నారు. ప్రత్యేకంగా బిల్డ్ యంత్రం నడిపేంత సిబ్బంది మాకు లేరు.

కెర్నెల్‌పాఠం

అయితే మీకు చక్కగా సరిపోయే మార్గం ఉంది. ఆల్మాలైనక్స్ ప్రాజెక్టు 2025 ఆగస్టులో 9, 10 విడుదలలకు ఎన్విడియా ఓపెన్ మాడ్యూళ్లను తానే కట్టి, తన సెక్యూర్ బూట్ కీతో సంతకం చేసి ఇవ్వడం ప్రారంభించింది. ఆల్మాలైనక్స్-రిలీజ్-ఎన్విడియా-డ్రైవర్ అనే ప్యాకేజీ వేస్తే రిపాజిటరీ చేరుతుంది; ఆ తరువాత ఎన్విడియా-ఓపెన్-కేమాడ్, ఎన్విడియా-డ్రైవర్ ప్యాకేజీలు వేస్తే చాలు. మోక్ నమోదు అవసరం లేదు, కంపైలర్ అవసరం లేదు, రహస్య కీ మీ దగ్గర ఉండదు. మీ కార్డులు ఆంపియర్ తరానివి కాబట్టి ఓపెన్ మాడ్యూళ్లతో ఇబ్బంది లేదు. పాతయంత్రం గారి కెప్లర్ కార్డులకు మాత్రం ఇది పనికిరాదు.

ఈఎల్‌రెపో అనే మరొక రిపాజిటరీ కూడా ముందే కట్టిన కేమాడ్ (కెర్నెల్ మాడ్యూల్) ప్యాకేజీలు ఇస్తుంది, కానీ వాటికి ఈఎల్‌రెపో కీని ప్రతి యంత్రంలోనూ నమోదు చేయాలి. పైగా ముందే కట్టిన మాడ్యూల్ ఏదైనా సరే, కొత్త మైనర్ విడుదల వచ్చిన రోజుల్లో కెర్నెల్ ముందు చేరి మాడ్యూల్ తరువాత చేరే వ్యవధి ఉండవచ్చు. ఆ రోజుల్లో డిజైన్ యంత్రాల మీద కెర్నెల్‌ను డీఎన్‌ఎఫ్ వర్షన్‌లాక్‌తో ఆపి ఉంచి, ఒక యంత్రంలో పరీక్షించిన తరువాత తాళం తీయండి. ఎక్కువ రోజులు ఆపి ఉంచడం మాత్రం మంచిది కాదు, భద్రతా సవరణలు కూడా ఆగిపోతాయి.

క్లస్టర్‌పని

సర్వర్‌గది గారూ, డ్రాకట్ తరువాత టీ4 కనిపించింది, ధన్యవాదాలు. చివరి సందేహం ఒకటి. మా మిగిలిన సర్వర్లు వేరే ఊరిలోని డేటా సెంటర్లో ఉన్నాయి, అవి రాకీ లైనక్స్ 9తో నడుస్తున్నాయి, వాటికి డీకేఎంఎస్ పద్ధతే వాడుతున్నాము. ఆ నీలి తెర దగ్గర మీట నొక్కడానికి అక్కడ ఎవరూ ఉండరు. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఆ నమోదు పూర్తి చేసే వీలుందా?

తాళంచెవి

ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా కుదరదండి, కుదరకూడదనే దాన్ని అలా రూపొందించారు. యంత్రం ఎదుట కూర్చున్న మనిషి ఒప్పుకుంటేనే కొత్త కీ చేరాలన్నది ఆ తెర ఉద్దేశం. అయితే మీ సర్వర్లలో బీఎంసీ (సర్వర్‌ను దూరం నుంచి నియంత్రించే చిప్) ఉండే ఉంటుంది. దాని వెబ్ పేజీలోని రిమోట్ కన్సోల్ తెరిచి, దాన్ని ముందుగానే సిద్ధంగా ఉంచుకుని, అటుపైన రీబూట్ ఆదేశం ఇవ్వండి. రీబూట్ తరువాత కన్సోల్ తెరవడానికి ప్రయత్నిస్తే నీలి తెర గడువు దాటిపోతుంది.

అన్ని సర్వర్లకూ వేర్వేరు డీకేఎంఎస్ కీలు కాకుండా, మీ సంస్థ పేరుతో ఒకే కీ జత తయారుచేసి దాని పబ్లిక్ భాగాన్ని అన్నింటిలోనూ ఒక్కసారి నమోదు చేయండి. మాడ్యూళ్లను ఒక బిల్డ్ సర్వర్‌లోనే కట్టి, సంతకం పెట్టి మిగిలినవాటికి పంచండి; అప్పుడు రహస్య భాగం ఆ బిల్డ్ సర్వర్‌లో మాత్రమే ఉంటుంది. ఆ తరువాత డ్రైవర్ ఎన్నిసార్లు మారినా, కెర్నెల్ ఎన్నిసార్లు మారినా కన్సోల్ దగ్గరకు వెళ్లవలసిన అవసరం ఉండదు. సర్టిఫికెట్ గడువును మాత్రం తయారుచేసేటప్పుడే ఆ హార్డ్‌వేర్ ఆయుష్షును మించి ఉండేలా పెట్టి, ఆ తేదీని మీ సర్వర్ల జాబితాలో రాసి ఉంచండి.